తెల్లగుర్రం నల్లగా మారిన పేజీ

[తెర మీద: చెట్ల మధ్య దారి. దూరం నుంచి గిట్టల చప్పుడు.]

ఒక సీన్ చెప్తాను, మీలో చాలామంది ఇట్టే గుర్తుపడతారు. ముగ్గురు హాబిట్లు, అంటే మనిషిలో సగం ఎత్తుండే పొట్టివాళ్లు, దారి వెంట నడిచి వెళ్తున్నారు. వెనక నుంచి గుర్రం వస్తున్న చప్పుడు. గబగబా పక్కకి తప్పుకుని దాక్కున్నారు. గుర్రం సరిగ్గా వాళ్లున్న చోటికి వచ్చి ఆగింది. దాని మీద ముసుగు కప్పుకున్న ఆకారం. మొహం కనపడదు. అది ముక్కుతో గట్టిగా పీల్చి వాసన చూసింది.

ఆంగ్ల రచయిత టోల్కీన్ నవల ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ చదివినవాళ్లకి ఇది నల్ల రౌతు మొదటిసారి కనిపించే చోటు. అప్పటిదాకా పుట్టినరోజు విందులు, పాటలు అంటూ హాయిగా సాగిన కథలో మొదటిసారి వెన్నులో చలి పుడుతుంది.

ఇప్పుడు ఇదే సీను మొట్టమొదట కాగితం మీద పడ్డప్పుడు ఎలా ఉందో చూడండి. గుర్రం తెల్లది. దాని మీద మూటలాగా ఓ చిన్న మనిషి. ముసుగులోంచి కళ్లు, కింద రికాబుల్లో బూట్లు, అంతే కనిపిస్తున్నాయి. గుర్రం ఆగింది. ఆ మనిషి ముక్కు బయటపెట్టి వాసన చూశాడు. కాసేపు కదలకుండా చెవి ఒగ్గి కూర్చున్నాడు. ఉన్నట్టుండి ముసుగులోంచి నవ్వు. కప్పుకున్నదంతా విసిరేసి, ఒరేయ్ బింగో అంటూ బయటపడ్డాడు మాంత్రికుడు గాండాల్ఫ్!

అదొక పరాచికం. దాక్కున్న కుర్రాణ్ని తాత కనిపెట్టేసినట్టు. అక్కడిదాకా రాసి టోల్కీన్ ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గుర్రం నల్లదైంది. నవ్వు పోయింది. రౌతు ఎవరో ఆయనకీ తెలియదు. కానీ వాసన చూడటం మాత్రం ఉండిపోయింది.

[తెర మీద: రెండు వాక్యాలు పక్కపక్కన. ‘తెల్ల’ మీద గీత, పైన ‘నల్ల’.]

ఈ వీడియోలో నేను చెప్పదలుచుకున్నది దాదాపుగా ఇదే. టోల్కీన్ చిత్తుప్రతులు చూస్తే, ఆయన మనుషుల్ని మార్చేస్తాడు, కానీ వాళ్ల చేతలు పారేయడు. ఇల్లు అలాగే ఉంటుంది, అద్దెకున్నవాళ్లు మారిపోతుంటారు. ఇంత పెద్ద ఇతిహాసం అలా తయారైంది.

ముందు కొంచెం నేపథ్యం. త్వరగానే ముగిస్తాను.

టోల్కీన్ పిల్లల కోసం రాసిన ‘ద హాబిట్’ 1937 సెప్టెంబర్ 21న వచ్చింది. బాగా అమ్ముడుపోయింది, పబ్లిషర్ ఇంకో హాబిట్ కథ అడిగారు. ఆ డిసెంబర్‌లోనే టోల్కీన్ మొదలుపెట్టాడు. 19వ తేదీకల్లా మొదటి అధ్యాయం అయిందని ఉత్తరం రాశాడు. ఆ లెక్కన పిల్లల పుస్తకం ఏడాదిలో అయిపోవాలి. చివరికి మూడు భాగాలుగా అచ్చయింది 1954, 55లలో.

ఆ కాగితాల్లో పెద్ద భాగాన్ని 1957లో అమెరికాలో మిల్వాకీలోని మార్కెట్ (Marquette) యూనివర్సిటీ 1500 పౌండ్లకి కొన్నది. కొన్ని కట్టలు ఇంట్లోనే ఉండిపోయాయి. 1973లో టోల్కీన్ పోయాక ఆయన కొడుకు క్రిస్టఫర్ వాటన్నిటినీ ముందేసుకుని కూర్చున్నాడు. 1983 నుంచి 1996 వరకు 12 సంపుటాలు తెచ్చాడు. అందులో 6 నుంచి 9 దాకా మనకి కావాల్సినవి, ఈ నవల ఎలా పుట్టిందో చెప్పేవి.

క్రిస్టఫర్ పని ఎంత కష్టమో ఒక్కమాటలో చెప్పాలంటే: వాళ్ల నాన్న పెన్సిల్‌తో వేగంగా రాసేవాడు, తర్వాత అదే పేజీలో ఆ పెన్సిల్ రాత మీదే ఇంకుతో మళ్లీ రాసేవాడు. కింద ఏముందో చదవాలంటే పైనున్న కథని దాటుకుని చూడాలి. పైగా యుద్ధకాలం, కాగితం కరువు. ప్రొఫెసర్ కాబట్టి, విద్యార్థుల పరీక్ష పేపర్ల వెనక ఖాళీగా ఉన్న పేజీల్లో రాసేవాడు. ఆ కరువే మనకి మేలు చేసింది. కాగితానికి అటువైపు 1940 ఆగస్టు తేదీ ఉంటే, ఇటువైపు కథ అంతకుముందు రాసింది కాదని తేలిపోతుంది కదా.

ఇక్కడ నాకు బాగా నచ్చిన చిన్న విషయం ఒకటుంది. మోరియా గుహల్లో బాలిన్ అనే పాత్ర సమాధి దగ్గర కథ చాలాకాలం ఆగిపోయిందని, అది 1940 చివర్లో అని టోల్కీన్ తర్వాత ముందుమాటలో రాసుకున్నాడు. క్రిస్టఫర్ కాగితాలన్నీ చూసి, అది 1939 చివర అయి ఉండాలి అన్నాడు. రాసినాయన జ్ఞాపకం ఒకటి చెప్తోంది, ఆయన రాసిన కాగితం ఇంకోటి చెప్తోంది. నేనైతే కాగితం వైపే.

[తెర మీద: విందు బల్ల. కొవ్వొత్తులు.]

సరే, మొదటి అధ్యాయం. మొదటి ప్రయత్నంలో విందు ఇస్తున్నది ‘ద హాబిట్’ హీరో బిల్బోనే. వయసు 70. అందరి ముందూ లేచి నిలబడి ఏం ప్రకటించాడో తెలుసా? వెళ్లిపోతున్నాను, పెళ్లి చేసుకోబోతున్నాను అని! రెండు ప్రయత్నాల తర్వాత విందు ఇచ్చేది బిల్బో కొడుకు బింగో. ఆ తర్వాత బింగో కొడుకు కాదు, పెంచుకున్న దగ్గరి బంధువు. ఇంట్లో పిల్లల దగ్గరున్న కోలా బొమ్మల్ని ‘బింగోలు’ అనేవారు. పేరు అక్కణ్నించే వచ్చినట్టుంది. ఫ్రోడో అనే పేరు, అచ్చయిన నవలలో హీరోది, అప్పటికే కథలో ఉంది, కానీ అది పక్కన నడిచే ఒక నేస్తానిది. చివరిదాకా హీరో వెంట నడిచే శామ్ ఇంకా పుట్టనే లేదు.

ఒక దశలో టోల్కీన్ తనకి తానే నోట్ రాసుకున్నాడు: హాబిట్లు మరీ ఎక్కువైపోయారు, పైగా బింగో పేరు బాలేదు, ఫ్రోడో అని మారుద్దాం. తర్వాత దాని పక్కనే ఇంకో ముక్క: వద్దు, బింగోకి అలవాటు పడిపోయాను.

అలవాటు పడిపోయాడట! మరోసారి మొదలుపెట్టినప్పుడు మనసు మార్చుకుని మార్చాడనుకోండి. మార్చకపోతే ప్రపంచాన్ని కాపాడే భారం మోసుకుంటూ శత్రువు రాజ్యం మోర్డోర్‌లో కొండ ఎక్కేవాడి పేరు బింగో అయ్యుండేది. తలుచుకుంటేనే ఎలాగో ఉంది.

మరి ఉంగరం? కథంతా దాని చుట్టే కదా, అదైనా మొదటి నుంచీ తెలుసా? తెలియదు. ‘ద హాబిట్’లో అది పెట్టుకుంటే కనపడకుండా పోయే మాయ ఉంగరం, అంతకుమించి ఏం కాదు. కొత్త కథకి ఏదో ఒక కారణం కావాలి కాబట్టి, ఉంగరం తిరిగి వెనక్కి వెళ్లడమే కారణం చేద్దామా అని రాసుకున్నాడు. అదే రోజుల నోట్‌లో, మంచి పనికి వాడితే పెద్ద ప్రమాదం లేదు, కానీ మూల్యం మాత్రం చెల్లించాల్సిందే. ఉంగరాన్నయినా పోగొట్టుకోవాలి, లేదా నిన్ను నువ్వయినా, అని ఉంది. ‘పెద్ద ప్రమాదం లేదు’ అన్న మాట తర్వాత కొట్టుకుపోయింది. రెండో ముక్క మొత్తం నవలకి పునాది అయింది. రెండూ ఒకే ఊపులో రాసినవి, ఏది బంగారమో అప్పుడాయనకి తెలిసే అవకాశమే లేదు.

ఇక అసలు కథకి వద్దాం. చెక్క బూట్ల మనిషి.

[తెర మీద: సత్రంలో చీకటి మూల. పైపు పొగ. కింద చెక్క బూట్లు మాత్రమే వెలుగులో.]

బ్రీ ఊళ్లో సత్రం. మూలన ఒంటరిగా కూర్చున్న అపరిచితుడు. పుస్తకంలో ఆయన స్ట్రైడర్, అంటే అరగార్న్, రాజ్యం కోల్పోయిన వంశానికి వారసుడు. చిత్తుప్రతిలో ఆయన పేరు ట్రాటర్. పొడుగాటి వీరుడేం కాదు, హాబిట్. ఎండకి కమిలిన మొహం, కాళ్లకి చెక్క బూట్లు, నడిస్తే టకటకమని చప్పుడు.

హాబిట్లు చెప్పులు తొడగరు. మరి ఇతనికి బూట్లెందుకు? రాసేటప్పుడు టోల్కీన్‌కి ఆ సంగతి తెలియదు. 1955లో కవి ఆడెన్‌కి రాసిన ఉత్తరంలో, సత్రం మూలలో ఆ మనిషిని చూసి తనకే షాక్ తగిలిందని, అతనెవరో ఫ్రోడోకి ఎంత తెలుసో తనకీ అంతే తెలుసునని ఒప్పుకున్నాడు. రచయితలు ఇలాంటివి గొప్ప కోసం చెప్తుంటారని నాకు కాస్త అనుమానం ఉండేది. చిత్తుప్రతులు చూశాక ఆ అనుమానం పోయింది. ఎందుకంటే అందులో అతను ఎవరబ్బా అని వెతుక్కోవడం కళ్లకి కట్టినట్టు ఉంది.

మారువేషంలో ఉన్న బిల్బోయేనా? ఒక నోట్ అలా అంటుంది. ఎప్పుడో ఇల్లు వదిలి పారిపోయిన బంధువు, పెరెగ్రిన్ బాఫిన్ అనే హాబిట్టా? ఇంకో నోట్. దానికి తోడు చెక్క బూట్లకి కారణం కూడా దొరికింది: మోర్డోర్‌లో పట్టుబడి చిత్రహింసలు పడ్డాడు, కాళ్లు దెబ్బతిన్నాయి. పిల్లల కథలో టకటక చప్పుడు కోసం పెట్టిన బూట్లలోంచి ఆ భయంకరమైన గతం ఎలా బయటికొచ్చిందో చూడండి! పోనీ ఎల్ఫ్ అయితే? అదీ ఆలోచించాడు. చివరికి మనిషి అయ్యాడు, పాత రాజుల వారసుడయ్యాడు. మనిషయ్యాక బూట్లకి కథ అవసరం లేదు, అవి పోయాయి. కానీ సత్రం మూల, ముసుగు, పైపు, అవసరానికి మించి తెలిసిన ఆ చూపు, అన్నీ ఉన్నాయి. పేరు కూడా ఒక పట్టాన పోలేదు. అరగార్న్ అయ్యాక కూడా చాలా అధ్యాయాల దాకా ట్రాటర్‌గానే నడిచాడు.

ఇదే పద్ధతి ఇంకా చాలా చోట్ల కనిపిస్తుంది, రెండు మాత్రం చెప్తాను. గాండాల్ఫ్ సమయానికి రాలేదు, ఎందుకు? మొదట్లో జవాబు: ట్రీబియర్డ్ అనే రాక్షసుడు బంధించాడు. అవును, మనందరికీ ఇష్టమైన ఆ చెట్టు తాతే! 1940లో సారుమాన్ అనే దుష్ట మాంత్రికుడు కథలోకి వచ్చాక బంధించే పని అతనికి అప్పగించాడు, ట్రీబియర్డ్ మంచివాడై పోయాడు. రెండోది, 1944లో ఇథిలియన్ అడవిలోకి ఓ సైన్యాధిపతి వచ్చాడు, పేరు ఫాల్‌బోర్న్. రాస్తూ రాస్తూ ఉండగానే అతను, కథలో అప్పటికే ఉన్న వీరుడు బోరోమీర్ తమ్ముడు, ఫారమీర్ అయ్యాడు. ఇతన్ని నేను కల్పించలేదు, అసలు కావాలనే అనుకోలేదు, తనే నడిచి వచ్చాడు అని అప్పట్లో వైమానిక దళంలో ఉన్న క్రిస్టఫర్‌కి ఉత్తరం రాశాడు. ఆ నెలలోనే ఇంకో ఉత్తరంలో చంద్రుడితో తంటాలు: ఒకచోట ఉదయిస్తున్న చంద్రుడు అదే సమయంలో ఇంకోచోట అస్తమిస్తున్నాడని తేలింది, వెనక్కి వెళ్లి పాత అధ్యాయాలు సరిచేయాల్సి వచ్చింది.

అయితే ఒక సంగతి దాచకూడదు. అంతా ఇలా తడుముకుంటూ రాసిందేనా అంటే, కాదు. 1939 నాటి నోట్స్‌లోనే, అంటే హీరో ఎవరో, తోడు ఎవరో కూడా తేలకముందే, ముగింపు ఉంది. అగ్నిపర్వతం అంచున హీరో ఉంగరం విసిరేయలేకపోతాడు. ఒకప్పుడు ఆ ఉంగరం తన దగ్గరున్న గొల్లమ్ మీదపడి లాక్కుంటాడు, లాక్కుని లోపల పడిపోతాడు. 1955లో అచ్చయిన ముగింపు కూడా ఇదే. దారి తెలియదు, మనుషులు తెలియదు, చేరాల్సిన చోటు మాత్రం తెలుసు. నా దృష్టిలో ఈ కాగితాలన్నిటిలోనూ ఆశ్చర్యపరిచేది ఇదే.

[తెర మీద: నీళ్ల ఒడ్డున చీకటి గుహ. రెండు కళ్ల మెరుపు.]

గొల్లమ్ అన్నాం కాబట్టి చివరగా ఇది. ఉంగరం ఇంత విషమైనదని తేలాక టోల్కీన్‌కి ఓ చిక్కొచ్చింది. 1937లో అచ్చయిన ‘ద హాబిట్’లో, పొడుపుకథల పందెం ఓడిపోయిన గొల్లమ్ ఉంగరాన్ని బహుమతిగా ఇస్తానని ముందే ఒప్పుకుంటాడు. తీరా అది దొరకదు, ఎందుకంటే అప్పటికే బిల్బో జేబులో ఉంది. దాంతో పాపం క్షమాపణలు చెప్పి, బదులుగా దారి చూపించి, మర్యాదగా సాగనంపుతాడు! ఉంగరం కోసం ప్రాణం తీసే గొల్లమ్‌కి ఇది ఎక్కడా అతకదు. చిత్తుప్రతి అయితే కొట్టేయొచ్చు. ఇది జనం చేతుల్లో ఉంది.

1947లో ఆ అధ్యాయాన్ని మార్చి రాసి, ఇలా చేస్తే ఎలా ఉంటుందో చూడండని నమూనాగా పబ్లిషర్‌కి పంపాడు. జవాబు లేదు. 1950లో కొత్త ముద్రణ ప్రూఫులు వచ్చాయి, చూస్తే అందులో మార్చిన అధ్యాయం ఎక్కించేసి ఉంది. వాళ్లు దాన్ని దిద్దుబాటు అనుకున్నారు. సరేనని ఒప్పుకున్నాడు. 1951లో అలాగే వచ్చింది.

మరి పాత ప్రతి? దాన్నీ పారేయలేదు. బిల్బో ఉంగరం తనదేనని అనిపించుకోవడానికి మొదట్లో నేస్తాలకి అబద్ధం చెప్పాడని, తన జ్ఞాపకాల్లోనూ అదే రాసుకున్నాడని, అలాంటి నిజాయితీపరుడు అబద్ధమాడటం చూసే గాండాల్ఫ్‌కి ఉంగరం మీద అనుమానం పుట్టిందని, కొత్త నవలలో కలిపేశాడు. ఎవరి దగ్గరైనా 1937 నాటి కాపీ ఉంటే, ఆ అధ్యాయం తీసి మళ్లీ చదవండి. మీరు చదువుతున్నది బిల్బో చెప్పిన అబద్ధం.

[తెర మీద: పాత పుస్తకం, తెరిచిన పేజీ. చీకటి.]