సర్వరుకి నెట్‌వర్క్ కార్డు కొనేముందు చిప్పు ఏదో అడగండి

నమస్కారమండీ. ఒడిశా బోర్డర్‌లోని మా పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను.

మా చిన్నాన్నకి ఇక్కడ ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే అటు పాతపట్నం, ఇటు గుణుపూర్, తీరికే ఉండదు. ఫొటోలు దాచుకోడానికి ఒక పాత కంప్యూటర్లో ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి సర్వరుగా పెట్టింది నేనే. పగలంతా బాగానే నడిచేది. రాత్రి రెండు పెళ్లిళ్ల కెమెరా మెమరీ కార్డులు ఒకేసారి కాపీకి పెడితే మాత్రం మధ్యలో నిలిచిపోయేది. "ఒరే, మళ్లీ ఆగిపోయింది రా" అని ఫోన్. కార్డులు ఖాళీ అయితేగానీ తెల్లారి ఇంకో పెళ్లికి వెళ్లలేరు, ఆ టెన్షన్ నాకు తెలుసు.

కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను. చివరికి సర్వరుకి స్క్రీన్ తగిలించి చూస్తే వరసగా ఒకటే మాట: వాచ్‌డాగ్ టైమౌట్. అంటే ఏమిటంటే, ఇచ్చిన ప్యాకెట్లు (డేటా ముక్కలు) పంపేశానని నెట్‌వర్క్ కార్డు తిరిగి చెప్పడం లేదు. కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరు, కొన్ని సెకన్లు చూసి దాన్ని రీసెట్ చేస్తోంది. మదర్‌బోర్డుతో వచ్చిన పోర్టుకీ ఆ డ్రైవరుకీ పొసగలేదు, అంతే.

అందుకే డబ్బా మీద గిగాబిట్ అని ఉంటే సరిపోదండీ. లోపల చిప్పు ఏది? అదే మోడల్ పేరుతో, వెర్షన్ మార్చి వేరే చిప్పు పెట్టి అమ్మడం మామూలే. లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ (lspci), ఫ్రీబీఎస్‌డీలో పీసీఐకాన్ఫ్ (pciconf -lv) అనే కమాండ్ కొడితే చిప్పు బయటపడుతుంది. ఫ్రీబీఎస్‌డీ ప్రతి వెర్షన్‌కీ హార్డ్‌వేర్ నోట్స్, అంటే దానితో నడిచే పరికరాల జాబితా ఇస్తుంది, అందులో ఆ చిప్పు ఉందా అని వెతకండి. లినక్స్‌లో నడిచింది కదా అని నమ్మొద్దు. రియల్‌టెక్ 8125 అనే 2.5 గిగాబిట్ చిప్పుకి లినక్స్ కెర్నెల్‌లోనే (సిస్టమ్ అసలు భాగంలోనే) డ్రైవరు ఉంది. ఫ్రీబీఎస్‌డీ 13లో అయితే పోర్ట్స్ అనే దాని సాఫ్ట్‌వేర్ల భాండాగారం నుంచి విడిగా వేసుకోవాలి. నెట్ కోసం కొన్న కార్డుకి డ్రైవరు తేవాలంటే ముందు నెట్ కావాలి!

నేనైతే ఇంటెల్ ఐ210 గానీ ఐ350 గానీ తీసుకోమంటాను. రెండు సిస్టమ్స్‌లోనూ ఐజీబీ డ్రైవరు ముందే ఉంటుంది. ఐ350లో ఒక్కో పోర్టుకి 8 క్యూలు (ప్యాకెట్ల వరసలు), అంటే ప్యాకెట్ల పని ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మీదే పడదు. మదర్‌బోర్డు స్లాట్‌లో దిగే కార్డు అంచు పొడవు చూసుకోండి. ఐ210కి చిన్న ఎక్స్1 స్లాట్ చాలు, ఐ350కి ఎక్స్4 కావాలి. మా బోర్డులో గ్రాఫిక్స్ కార్డు స్లాట్ ఖాళీగా ఉంటే అందులో పెట్టాం.

వైజాగ్‌లో పాత సర్వర్లోంచి తీసిన ఐ350 దొరికింది. కొత్తదని చెప్పి మరీ చవగ్గా ఇస్తే జాగ్రత్త, ఐ350కి నకిలీలు చాలా ఉన్నాయి. మాకొచ్చినదానికి పొట్టి బ్రాకెట్ (కేసు వెనక బిగించే రేకు) ఉంది, మా కేసులో స్క్రూ అందలేదు. రెండు మరలు విప్పి పొడుగుది బిగించాం. కొనేటప్పుడే రెండు బ్రాకెట్లూ అడిగి తీసుకోండి.

ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రోగ్రామ్) పెడితే సెకనుకి 941 మెగాబిట్లు వచ్చింది. హెడర్లు (ప్రతి ప్యాకెట్‌కీ అంటించే చిరునామా వివరాలు) పోను గిగాబిట్ లైన్లో మామూలుగా అంతకు మించి రాదు. ఆ రాత్రే రెండు 64 జీబీ మెమరీ కార్డులు ఒకేసారి పెట్టాం. 20 నిమిషాల్లో దిగిపోయాయి. చిన్నాన్న అక్కడే కుర్చీ వేసుకుని చివరి ఫొటో దాకా చూశాడు.