ఖొనోమా: ఊరివాళ్ల వెంట నడక

సమన్వయకర్త: శ్రోతలకు నమస్కారం. ఈ భాగంలో నాగాలాండ్‌లోని ఖొనోమా గురించి మాట్లాడుకుందాం. కొహిమాకు పడమరగా ఇరవై కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి పదిహేను, పదహారు వందల మీటర్ల ఎత్తున ఉన్న అంగామి నాగాల ఊరు ఇది. విశాఖపట్నం నుంచి చిన్న చిన్న బృందాలను ఈశాన్య రాష్ట్రాలకు నడక యాత్రలకు తీసుకువెళ్లే మిత్రులు ఒకరు మనతో ఉన్నారు. శ్రోతలు ఎక్కువగా పంపిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఖొనోమాకు వెళ్లేవారు ప్రవేశ రుసుము కట్టి, ఊరివాళ్లలో ఒకరిని గైడుగా వెంటబెట్టుకోవాలని చెబుతారు. దారి తప్పిపోయేంత పెద్ద ఊరు కాదు గదా, గైడు ఎందుకండీ?

అతిథి: దారి చూపించడం అక్కడి గైడు పనిలో చాలా చిన్న భాగమండీ. నాగాలాండ్‌లో భూమి, అందులోని వనరుల యాజమాన్యం రాజ్యాంగంలోని 371ఎ అధికరణం కింద నాగాల ఆచార నియమాల ప్రకారమే నడుస్తుంది. ఆ విషయంలో పార్లమెంటు చేసిన చట్టం కూడా రాష్ట్ర శాసనసభ ఒప్పుకుంటేనే అక్కడ వర్తిస్తుంది. కనుక ఖొనోమాలో మనం నడిచే గట్టు ఒక కుటుంబానిది, ఎక్కే మెట్లు ఒక పేటవి, దూరంగా కనిపించే అడవి ఊరిది. ఆ యజమానుల తరఫున మనతో వచ్చే మనిషే గైడు. మనం చేసే పొరపాటుకు ఊళ్లో జవాబు చెప్పుకోవలసినది కూడా ఆయనే. అందుకే గైడు రుసుము దండగ ఖర్చని ఎవరైనా అంటే నాకు కష్టంగా తోస్తుంది.

సమన్వయకర్త: ఆ అడవిలో ఇప్పుడు వేట లేదంటారు. నాగా సమాజంలో వేటకు ఉన్న స్థానం తెలిసినవారికి ఇది నమ్మశక్యం కాని మాటే.

అతిథి: ఖొనోమా కథకు కేంద్రం అదేనండీ. బ్లైత్స్ ట్రాగోపాన్ అనే పక్షి ఉంది. నెమలి కుటుంబానికి చెందినది, మగపక్షి తల, మెడ, రొమ్ము ఎర్రగా ఉంటాయి. నాగాలాండ్ రాష్ట్ర పక్షి అదే. 1990ల ఆరంభంలో జరిగిన ఒక వేట పోటీలో ఆ పక్షులు వందల సంఖ్యలో చనిపోయాయని ఊరివాళ్లే చెబుతారు. కలప నరకడం కూడా అప్పట్లో జోరుగా సాగేది. ఊరి పెద్దలలో కొందరు దీన్ని ఆపాలని పట్టుబట్టారు. తుపాకీ, వేట మగవాడి హోదాకు గుర్తులుగా ఉన్న సమాజంలో ఆ మాట అనడమే పెద్ద సాహసం. ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచిన తరవాత, 1998లో గ్రామ మండలి (విలేజ్ కౌన్సిల్) ఊరి అడవిలో కొంత భాగాన్ని ఖొనోమా ప్రకృతి పరిరక్షణ, ట్రాగోపాన్ అభయారణ్యంగా ప్రకటించుకుంది. ఇక్కడ అభయారణ్యమంటే అటవీ శాఖ గెజిట్‌లో ప్రకటించి జనాన్ని వెలుపలికి పంపించినది కాదు. ఊరు తనకు తానే వేసుకున్న కట్టుబాటు, తప్పితే జరిమానా విధించేదీ ఊరే. వేట, కలప రాబడి రెండూ ఆగిపోయాక వేరే ఆధారం వెతుక్కోవలసి వచ్చింది. అతిథులకు ఇళ్లలో బస ఇవ్వడం, పిట్టలను చూపించడం, నడకలకు తీసుకువెళ్లడం ఆ అవసరంలోంచే పుట్టుకొచ్చాయి.

సమన్వయకర్త: ఆ ఆధారం సరిపోయిందా? పర్యాటకం వల్ల ఊళ్లో అందరికీ లాభమేనని ప్రకటనల్లో చదువుతూ ఉంటాం.

అతిథి: అందరికీ అని నేను అనలేను. అదనపు గది ఉన్న ఇంటికి, హిందీయో ఇంగ్లీషో వచ్చిన యువకులకు వచ్చే లాభం, పొలం మీదే ఆధారపడిన ముసలి దంపతులకు రాదు. ప్రవేశ రుసుము ఊరి నిధికి వెళ్తుంది గనుక కొంత సమానత కుదురుతుంది. అయినా ఖొనోమాకు అన్నం పెట్టేది ఇప్పటికీ వ్యవసాయమే. ఆ వ్యవసాయం చూడకుండా తిరిగివచ్చినవారు ఖొనోమా చూసినట్టు కాదని నా అభిప్రాయం.

సమన్వయకర్త: అయితే పొలాల నడక గురించే వివరంగా చెప్పండి.

అతిథి: ఊరు కొండ వెన్ను మీద ఉంటుంది, కింద లోయ నిండా వరిమళ్లు అంచెలంచెలుగా దిగుతాయి. వాగు నీటిని చిన్న కాలువల ద్వారా పై మడి నుంచి కింది మడికి దించుతారు. నీటి వంతుల మీద తరతరాల ఒప్పందాలు ఉంటాయి. ఎవరి మడి ఎక్కడ ముగుస్తుందో గైడు గుర్తుపట్టగలడు గాని మనకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. గట్టు మీద ఒకరి వెనుక ఒకరు నడవాలి, గట్టు అంచు తొక్కితే మట్టి జారి నీళ్లు పోతాయి.

వరిమళ్లకు పైన, నిటారు వాలు మీద ఆల్డర్ చెట్లు ఉంటాయి. నాకు అత్యంత ఆశ్చర్యం కలిగించేవి అవే. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పోడు అంటే అడవిని కొట్టి, కాల్చి, కొన్నేళ్లు సాగుచేసి, ఆపైన నేలను వదిలివేయడమని అనుకుంటాం. ఖొనోమాలోనూ పోడు ఉంది గాని ఆల్డర్ చెట్టును మొదలంటా నరకరు. మనిషెత్తుకు కాస్త అటూ ఇటూగా మొదలును నిలబెట్టి, పై కొమ్మలన్నీ కొట్టేస్తారు. లావుపాటి కొమ్మలు వంటచెరకు అవుతాయి, ఆకులూ రెమ్మలూ నేల మీదే కాలి బూడిదవుతాయి. ఆ మొదళ్ల మధ్య మొక్కజొన్న, మిరప, బంగాళాదుంప వంటివి వేస్తారు. కొన్నేళ్లకు నేలను విడిచిపెడితే మోడు మీద మళ్లీ కొమ్మలు లేస్తాయి. ఆల్డర్ చిక్కుడు కుటుంబపు చెట్టు కాదు. అయినా ఆ కుటుంబపు మొక్కల్లో లాగే దాని వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందిస్తాయి. అందువల్ల నేలకు విశ్రాంతి ఇవ్వవలసిన కాలం మామూలు పోడులో కంటే బాగా తగ్గుతుంది. మొదలు బొద్దుగా, కణుపులు కట్టి, మొటికలు ఉబ్బిన ముసలి చేతిలా ఉండే చెట్లు కనిపిస్తాయి. వాటిని నాటినవారెవరో ఇప్పుడున్న తరాలకు తెలియదు.

సమన్వయకర్త: ఊరి లోపల చూడవలసినవి?

అతిథి: మెర్హుమా, సెమోమా, థెవోమా అని ఊరికి మూడు పేటలు, వాటిని ఖెల్ అంటారు. చెక్కిన పెద్ద ద్వారాలు, రాతి మెట్లు, యువకులు కలిసి ఉంటూ కట్టుబాట్లు నేర్చుకున్న మోరుంగ్ ఇళ్లు, ఊరంతటికీ విందు పెట్టి హోదా సంపాదించుకున్నవారి పేరిట నిలబెట్టిన రాళ్లు కనిపిస్తాయి. ఒకే ఈడువాళ్లు ఒక జట్టుగా ఏర్పడి, జీవితాంతం ఆ జట్టును వీడరు. దారి పక్కన విశ్రాంతి మంటపాలు అటువంటి జట్లే కట్టించాయి.

సెమోమా కోట దగ్గర కాస్త నిలబడాలి. 1879 అక్టోబరులో నాగా హిల్స్ పొలిటికల్ అధికారి డామంట్ సిపాయిలతో వచ్చినప్పుడు, ఊరి ద్వారం దగ్గర ఆయనను కాల్చి చంపారు. నవంబరులో బ్రిటిష్ సైన్యం ఊరి మీద దాడి చేసింది. ఖొనోమా వీరులు ఇంకా పైకి, కొండ కొమ్ముకు తరలిపోయి 1880 మార్చి దాకా లొంగలేదు. నాగా జాతీయోద్యమ నాయకుడు అంగామి జాపు ఫిజో కూడా ఈ ఊరివాడే. 1950ల నాటి సైనిక చర్యల జ్ఞాపకాలు అక్కడి పెద్దల మనసుల్లో ఇంకా ఉన్నాయి. గైడు ఆ ప్రస్తావన తెస్తే మనం వాదానికి దిగకుండా వినాలి. నా బృందాలకు ఇది విశాఖలోనే చెబుతాను.

సమన్వయకర్త: సాంస్కృతిక కార్యక్రమం పేరుతో నృత్యం ఏర్పాటు చేయించమని మీ బృందాలు అడుగుతాయా?

అతిథి: అడుగుతారు, నేను ఒప్పుకోను. అరకులో రిసార్టుల ముందు సాయంత్రం పూట థింసా ఆడించడం చూశాం గదా. కోతలప్పుడో, పెళ్లిళ్లలోనో ఆడుకునే ఆటను అరగంటకు కుదించి, భోజనాల ముందు పెట్టడం నాకు నచ్చదు. ఆడేవారికి నాలుగు డబ్బులు వస్తాయన్న వాదన నాకు తెలుసు, దాన్ని కొట్టిపారేయలేను కూడా. ఖొనోమాలో నేను కోరేది వంటింట్లో కూర్చోవడం. మధ్యలో పొయ్యి, దాని పైన పొగకు ఆరే మాంసం, బియ్యం, ఆకుకూరలు, మాంసం కలిపి జావలా వండే గాల్హో, ఇష్టమైనవారికి జుథో అనే బియ్యపు కల్లు. శాకాహారులు ముందురోజే చెబితే ఆ ఇంటి ఇల్లాలికి ఇబ్బంది ఉండదు. పొలం పనులు చేయకూడదని పాటించే జెన్నా రోజులు కొన్ని ఉంటాయి, ఆదివారం ఊరంతా చర్చిలో ఉంటుంది. ఆ రోజుల్లో నడకలు పెట్టమని గైడును ఒత్తిడి చేయకూడదు.

సమన్వయకర్త: మన పాడేరు దగ్గరి వంజంగి, చింతపల్లి దగ్గరి లంబసింగి కూడా కొన్నేళ్లలోనే విపరీతంగా పేరు తెచ్చుకున్నాయి. ఖొనోమా పద్ధతి అక్కడ సాధ్యమా?

అతిథి: చట్టం వైపు నుంచి మనకూ బలం ఉందండీ. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టం ఉంది, గ్రామ సభకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ఉంది, ఆ ప్రాంతాల భూములను గనుల కోసం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఉంది. లేనిది రోజువారీ అమలు. మేఘాల కోసం తెల్లవారుజామున కొండెక్కే జనానికి ఆ కొండ ఏ ఊరిదో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ కలగదు. రోజుకు ఎందరు ఎక్కాలి, ఎవరు వెంట రావాలి, చెత్త ఎవరు దించాలి అన్న మూడింటినీ గ్రామ సభ నిర్ణయిస్తే చాలావరకు మార్పు వస్తుందని నా నమ్మకం. ఖొనోమాలో అడవి హక్కు ముందు నుంచే ఊరి చేతిలో ఉంది గనుక వాళ్లకు ఈ పని కొంత సులువైంది, ఆ తేడా మరచిపోకూడదు.

సమన్వయకర్త: చివరగా, జుకో లోయకు ఖొనోమా వైపు నుంచి నడవాలనుకునేవారికి ఏం చెబుతారు?

అతిథి: జుకో సుమారు 2,450 మీటర్ల ఎత్తున, మణిపూర్ సరిహద్దులో ఉంటుంది. ఎక్కువమంది విస్వేమా లేదా జఖామా వైపు నుంచి ఎక్కుతారు. ఖొనోమా వైపు దారి వాటికంటే పొడవు, అడవి దట్టం, గైడు లేకుండా ఆలోచన కూడా పెట్టుకోవద్దు. పూలు కావాలంటే జూన్, జులై, కాని వర్షం, జలగలు తప్పవు. తేటగా కనిపించాలంటే అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా మంచిది. ఆ పొడి నెలల్లో వెదురు గడ్డి ఎండిపోతుంది, 2020 డిసెంబరు చివర్లో అంటుకున్న మంటలను ఆర్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లు రావలసి వచ్చింది. కాబట్టి లోయలో పొయ్యి వెలిగించే విషయంలో గైడు మాటే తుది మాట. బయటి రాష్ట్రాలవారు నాగాలాండ్‌లో అడుగుపెట్టడానికి కావలసిన అనుమతి పత్రం, ఇన్నర్ లైన్ పర్మిట్, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మన వైపు నుంచి వెళ్లేవారు రైలులోనైనా విమానంలోనైనా దిమాపూర్‌లో దిగి, కొహిమా మీదుగా చేరవచ్చు. బస ఇచ్చే ఇంటికి మాత్రం ఎందరు వస్తున్నారో, ఏం తింటారో వారం ముందే ఫోన్ చేసి చెప్పండి.