జేపీ నగరా, జేబీ నగరా? పెదాలు, వేళ్లు చదవడం ఫోన్‌లో ప్రాక్టీస్

[యాంకర్ ముఖం దగ్గరగా. సౌండ్ లేదు, క్యాప్షన్ లేదు. పెదాలు మూడుసార్లు కదులుతాయి.]

ఏమన్నానో చెప్పండి చూద్దాం. ఒకే మాట మూడుసార్లు అన్నట్టుందా? పాట, బాట, మాట అన్నాను. ప, బ, భ, మ... అన్నిటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి. తేడా గొంతులోనూ ముక్కులోనూ ఉంటుంది, అది కంటికి ఆనదు. క, గ అయితే మరీ అన్యాయం, నోటి వెనకే పని కానిచ్చేస్తాయి.

అందుకే వినికిడి తగ్గినవాళ్లకి పెదాలు చదవడంలో సగం చూపు, సగం ఊహ. ‘పాప వచ్చింది’, ‘మామ వచ్చాడు’ తీసుకోండి. మొదటి మాట దగ్గర ఎవరైనా బోల్తా పడాల్సిందే. కానీ ‘వచ్చాడు’ అనేటప్పుడు నోరు బాగా తెరుచుకుంటుంది, ‘వచ్చింది’కి పెదాలు పక్కకి సాగుతాయి. ఎవరొచ్చారో క్రియే చెప్పేస్తుంది. ఇంగ్లిష్ వాక్యాలతో తయారైన యాప్‌లలో ఈ సుఖం దొరకదు.

[తెర మీద: ఫోన్ కెమెరా సెట్టింగ్స్]

కాబట్టి పాఠాలు మనమే తయారుచేసుకుందాం. ఇంట్లో ఎవరి మాట రోజూ అర్థం కావాలో వాళ్లనే వీడియో తీయండి. వెలుగు ముఖం మీద పడాలి, వెనక కిటికీ ఉండకూడదు. బ్యూటీ ఫిల్టర్ తీసేయండి. సెకనుకు 60 ఫ్రేములు పెట్టండి. ఎందుకంటే ‘బ’ కోసం పెదాలు మూసుకునేది దాదాపు సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకూడా ఉండదు. నెట్ సరిగా లేని వీడియో కాల్‌లో ఫ్రేములు తగ్గిపోతే ఆ మూత కనబడకుండానే పోవచ్చు. ఫోన్‌లో పెద్దావిడకి ఏమీ అర్థం కావట్లేదని విసుక్కునే ముందు ఆ సంగతి చూడండి.

తీసినదాన్ని చిన్న వాక్యాలుగా కత్తిరించి అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో వేయండి, ఆండ్రాయిడ్‌లో అది ఉచితమే. కార్డుకి ముందు వైపు సౌండ్ లేని వీడియో, వెనక వైపు రాసిన వాక్యం. తప్పినవి త్వరగా మళ్లీ వస్తాయి, వచ్చేసినవి ఆలస్యంగా వస్తాయి. మొదట్లో సగం స్పీడులో చూడొచ్చు, కానీ అక్కడే ఉండిపోవద్దు, మామయ్య సగం స్పీడులో మాట్లాడడు కదా. ఆయనకి గుబురు మీసం ఉంటే పై పెదవి కూడా దక్కదు. తీసేయమని అడిగే ధైర్యం ఉంటే అడగండి.

సినిమాలతో ప్రాక్టీస్ చేద్దామనుకుంటే డబ్బింగ్ సినిమాలు వద్దే వద్దు. పెదాలు తమిళం, సౌండు తెలుగు. నేరుగా తెలుగులో తీసినవాటిలోనూ తెలుగు రాని హీరోయిన్ పెదాలని నమ్మలేం.

బెంగళూరులో ఇంకో తిప్పలుంది. ఇల్లు దాటితే కన్నడం. మన పాలు అక్కడ హాలు, మన పది హత్తు. పెదాలు మూసుకుంటాయని మనం ఎదురుచూస్తాం, అవి మూసుకోవు. పాల బూత్, ఆటో, మందుల షాపు మాటలకి కన్నడంలో వేరే కార్డులు పెట్టుకోండి.

[తెర మీద: బెంగళూరు మ్యాప్. జేపీ నగర్, జేబీ నగర్ మెరుస్తాయి.]

ఇప్పుడు వేళ్ల సంగతి, అంటే అక్షరాలని చేతివేళ్లతో చూపించడం. జేపీ నగర్ దక్షిణాన, జేబీ నగర్ తూర్పున. పెదాల మీద మాత్రం రెండూ ఒకటే. ఇంట్లోవాళ్లు ‘పీ’నో ‘బీ’నో ఆ ఒక్క అక్షరం వేళ్లతో చూపిస్తే గొడవే లేదు. బీటీఎం, హెచ్‌ఎస్‌ఆర్, కేఆర్ పురం అంటూ పొడి అక్షరాలతో బతికే ఊరిది!

అయితే నెట్‌లో వెతికితే ముందుగా దొరికేవి అమెరికన్ అక్షరాలు, ఒంటి చేత్తో చూపించేవి. ఫింగర్‌స్పెల్లింగ్ డాట్ ఎక్స్‌వైజడ్ అనే సైట్ వెబ్‌క్యామ్‌లో మీ చేతిని చూసి సరిదిద్దుతుంది. ముచ్చటగా ఉంటుంది, కానీ అదీ అమెరికన్‌దే. భారతీయ సంజ్ఞా భాషలో ఇంగ్లిష్ అక్షరాల్లో చాలావాటికి రెండు చేతులూ కావాలి, ఆ పద్ధతి బ్రిటన్ నుంచి వచ్చింది. ‘సైన్ లర్న్’ యాప్‌తో మొదలుపెట్టండి. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం నిఘంటువు ఆధారంగా 2021లో వచ్చింది, 10,000 పదాలున్నాయి.

వెబ్‌క్యామ్ తీర్పుని మరీ పట్టించుకోకండి. కెమెరాలో చేతుల్ని గుర్తుపట్టే గూగుల్ వాళ్ల సాఫ్ట్‌వేర్ మీడియాపైప్ ఒక్కో చేతి మీద 21 బిందువులు గుర్తుపడుతుంది. ఒక చెయ్యి ఇంకో చేతిని కప్పేస్తే కొన్ని తప్పిపోతాయి. యంత్రం తప్పంటే మీ చెయ్యి తప్పని కాదు.

నిజానికి చూపించడం తేలిక, ఎదుటివాళ్ల వేళ్లు చదవడమే కష్టం. ఫొటో కార్డులు చూస్తే అది రాదు, అక్షరం నుంచి అక్షరానికి చేతులు ఎలా జారతాయో చూడాలి. అందుకని అక్షరాలు విడివిడిగా కాకుండా పూర్తి పేర్లు వీడియో తీసి అదే అంకీలో వేయండి. ముందు పిల్లల పేర్లు, మీ ఏరియా, రోజూ వేసుకునే మందులు.