కరెంటు దిగే చోటే పైపుకు గండి

అందరికీ నమస్కారం. భూమిలో పాతిన ఉక్కు పైపుకు చిల్లు పడితే మనం ముందు తేమనో, ఉప్పు నేలనో తప్పుపడతాం. అవీ కారణాలే. కానీ చుట్టూ లోహం నిగనిగలాడుతూ, ఒక్కచోట మాత్రం బెజ్జం వేసినట్టు చిల్లు కనిపిస్తే, దారి తప్పిన కరెంటును అనుమానించాలి.

డీసీతో, అంటే ఒకే దిశలో పారే కరెంటుతో, నడిచే మెట్రో రైలునే తీసుకోండి. సబ్‌స్టేషన్ నుంచి రైలుకు అందిన కరెంటు పట్టాల గుండా వెనక్కి రావాలి. పట్టాల కింద ఇన్సులేషన్ దెబ్బతింటే కొంత కరెంటు మట్టిలోకి జారుతుంది. దగ్గర్లో ఉక్కు పైపు ఉంటే దానికి అంతకన్నా సులువైన దారి దొరకదు. పైపులోకి ఎక్కి, సబ్‌స్టేషన్ దగ్గర దిగి, మళ్లీ పట్టాలు చేరుతుంది. ఎక్కిన చోట పైపు తుప్పు పట్టదు. దిగిన చోట ఇనుము అయాన్లుగా మారి మట్టిలో కలుస్తుంది. ఒక్క ఆంపియర్ ఏడాది పొడవునా అలా దిగుతూ ఉంటే, కరెంటుకు ఎంత లోహం కరుగుతుందో చెప్పే ఫారడే సూత్రం లెక్కన సుమారు 9 కిలోల ఇనుము పోతుంది!

మంచి పూత వేశాం కదా అని ధీమా పడేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. పూత తప్పకుండా కావాలి. అయితే కిలోమీటర్ల పూతలో గోరంత గీత పడిందనుకోండి, దిగాల్సిన కరెంటంతా ఆ గీత దగ్గరే గుమిగూడుతుంది. పోయేది కొద్దిపాటి ఇనుమే అయినా, ఒకేచోట పోతుంది కాబట్టి గోడకు త్వరగా చిల్లు పడుతుంది.

లీకేజీని పట్టాల దగ్గరే ఆపడం అన్నిటికన్నా మేలు. ఆ తర్వాత డ్రైనేజ్ బాండ్: పైపు నుంచి పట్టాలకో సబ్‌స్టేషన్‌కో కేబుల్ వేస్తే, కరెంటు మట్టిలోకి దిగకుండా తీగ గుండానే వెళ్తుంది. రైళ్లు కదిలేకొద్దీ కరెంటు దిశ తిరగబడవచ్చు, అందుకే మధ్యలో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ ఉండాలి. మట్టి వైపు నుంచి పైపులోకి కరెంటు ఎక్కేలా చేసి తుప్పును ఆపే క్యాథోడిక్ ప్రొటెక్షన్ ఎలాగూ ఉంటుంది. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌ను మట్టికి ఆనించి, దానితో పోల్చి చూస్తే పైపు పొటెన్షియల్ (వోల్టేజీ) మైనస్ 850 మిల్లీవోల్టులు, లేదా అంతకన్నా నెగటివ్‌గా ఉండాలని సాధారణంగా చూస్తాం.

అయితే మధ్యాహ్నం ఒక్కసారి మీటరు పెట్టి చూసి సంతకం చేయకండి. కనీసం 24 గంటలు లాగర్ (రీడింగులు వరసగా నమోదు చేసే పరికరం) పెట్టండి. పగలంతా ఎగిరిపడిన గ్రాఫు గీత, రైళ్లు ఆగిన రాత్రివేళ సద్దుమణిగితే దోషి ఎవరో తెలిసిపోయినట్టే.

ఇంకో మాట. మీ పైపుకు బాండ్ వేశాక పక్క కంపెనీ పైపు మీద ఈ దారి తప్పిన కరెంటు భారం పడవచ్చు. అందుకని బాండ్ కలిపే ముందే వాళ్లను పిలిచి, ఒకే సమయంలో రెండు పైపులమీదా లాగర్లు పెట్టండి.