మణికట్టు దారిలో గుండె దాకా

శ్రోతలకు నమస్కారం. యాంజియోగ్రామ్ చూసి "ఒక నాళం వంద శాతం బ్లాక్" అని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. పూర్తిగా మూసుకుపోతే మనిషి ఇంకా ఎలా తిరుగుతున్నాడని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. అలాంటి నాళాన్ని మణికట్టు దారిలో ఎలా తెరుస్తారో కూడా ఇవాళ చెప్పుకుందాం.

నాళంలో ఉన్నట్టుండి రక్తం గడ్డకడితే గుండెపోటు. అక్కడ ప్రతి నిమిషమూ లెక్కే. కానీ కొందరిలో నాళం ఏళ్ల తరబడి సన్నబడుతూ చివరికి పూడిపోతుంది. అలా మూడు నెలలకు మించి మూసుకుపోయి ఉన్నదాన్ని సీటీఓ, అంటే క్రానిక్ టోటల్ అక్లూజన్ అంటారు. పెద్ద కాలువ పూడినా పిల్ల బోదెల గుండా చేనుకు కాస్త తడి అందినట్టు, పక్క నాళాల నుంచి వచ్చే సన్నని దారులు వెడల్పై ఆ కండరాన్ని బతికిస్తాయి. కూర్చున్నంతసేపు ఆ రక్తం సరిపోతుంది. నాలుగు మెట్లెక్కితే చాలదు. ఛాతీ పట్టేస్తుంది, ఆయాసం వస్తుంది.

మూసుకున్న నాళాన్ని తెరవాలంటే గజ్జల్లోని లేదా మణికట్టులోని నాళం నుంచి సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపి, అందులోంచి ఒక తీగను అడ్డంకి దాటించాలి. 1977లో జ్యూరిచ్‌లో వైద్యుడు ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గుండె నాళాన్ని తొలిసారి బెలూన్‌తో తెరిచినప్పుడు గజ్జల్లోంచే వెళ్లారు. 1989లో మాంట్రియల్‌లో లూసియన్ కాంపో మణికట్టు నుంచి యాంజియోగ్రామ్‌లు తీసినట్టు ప్రకటించారు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనై అదే దారిలో యాంజియోప్లాస్టీ, అంటే బెలూన్‌తో నాళాన్ని తెరిచే చికిత్స చేశారు. మణికట్టు నాళం ఎముక మీదే ఉంటుంది కాబట్టి గట్టిగా నొక్కి పడితే రక్తం ఆగుతుంది. గజ్జల్లో అయితే లోపలే రక్తం కారే ప్రమాదం ఎక్కువ, గంటల కొద్దీ కాలు కదపకుండా పడుకోవాలి కూడా.

అయినా సీటీఓ కేసులకు చాలాకాలం గజ్జ దారినే నమ్ముకున్నారు. గట్టిపడ్డ అడ్డంకిలోకి తీగను తోసేటప్పుడు గొట్టం వెనక్కి జారకూడదు. అందుకు లావు గొట్టం కావాలి. మణికట్టు నాళమేమో సన్నది. ఇప్పుడు రెండు మిల్లీమీటర్ల గొట్టంలోంచే చాలా పనులు అయిపోతున్నాయి. దానిలోంచి ఇంకో మెత్తటి గొట్టాన్ని గుండె నాళం లోపలి దాకా పంపి పట్టు తెచ్చుకుంటారు.

అసలు పనితనం తీగ దగ్గరే ఉంది. మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ మందం, కొసన చిన్న వంపు. డాక్టరు వేళ్ల మధ్య దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతుంటే తెరమీద కొస అటూ ఇటూ దారి వెతుకుతుంది. మూసుకున్న నాళానికి ఒక గొట్టం, పక్కదారుల గుండా దానికి రక్తం ఇస్తున్న ఎదుటి నాళానికి ఇంకొకటి, తరచూ రెండు మణికట్ల నుంచీ పెట్టి ఒకేసారి రంగుమందు వదులుతారు. అప్పుడు అడ్డంకి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనిపిస్తుంది. ముందునుంచి వీలుకాకపోతే తీగను ఆ సన్నని పక్కదారుల్లోంచి తిప్పి వెనకనుంచి తెస్తారు. జపాన్ వైద్యుడు ఒసాము కాటో వంటివాళ్లు అపారమైన ఓర్పుతో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. తీగ దాటాక బెలూన్‌తో వెడల్పు చేయడం, తెరిచిన దారి నిలిచేలా స్టెంట్ అనే జాలీ గొట్టం పెట్టడం మామూలే.

బ్లాక్ కనబడింది కదా అని తెరిపించుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఛాతీనొప్పి, ఆయాసం తగ్గడమే దీనివల్ల స్పష్టంగా కనిపించే మేలు. ఆయుష్షు పెరుగుతుందని పరిశోధనల్లో రుజువు కాలేదు. నాళానికి చిల్లు పడి గుండె చుట్టూ రక్తం చేరవచ్చు, రంగుమందు కిడ్నీల మీద భారం, ఎక్స్‌రే మోతాదూ ఎక్కువే. అందుకే ముందు మందులు సరిగ్గా వాడి చూడాలి. అయినా బాధ తగ్గకపోతే డాక్టరును మొహమాటం లేకుండా అడగండి: ఆ కండరం ఇంకా బతికే ఉందా? ఇలాంటి కేసులు మీరు తరచూ చేస్తుంటారా? మణికట్టు కుదరకపోతే గజ్జల్లోంచి చేస్తారా? సెలవు, నమస్కారం.