అచ్చు గడి ఎక్కడ కూర్చుంటుంది? గళ్ళ నుడికట్టు కబుర్లు

ప్రయోక్త: నమస్కారమండీ. ఈసారి గళ్ళ నుడికట్టు, అంటే క్రాస్‌వర్డ్ గురించి. ఆధారం అర్థమవుతుంది, మాటా తడుతుంది, తీరా రాయబోతే ఒక గడి ఎక్కువో తక్కువో. ఎందుకలా?

కూర్పరి: చాలాసార్లు చిక్కంతా చివరి సున్నాతోనే. పుస్తకం అంటే మూడు గడులు: పు, స్త, కం. పుస్తకము అంటే నాలుగు. రెండూ ఒప్పే. సంస్కృతం నుంచి వచ్చిన మాట తట్టగానే రెండు రూపాలూ లెక్కపెట్టుకోవాలి. తిరగేసి చదివినా మారని మాట అడిగారనుకోండి, కంటకం పనికొస్తుంది, కంటకము పనికిరాదు. కిటికీ కూడా పనికిరాదు. మొదటిది కి, చివరిది కీ.

ప్రయోక్త: ఇంగ్లీషు వాళ్ళకు ఈ తంటా లేదు.

కూర్పరి: లేదు. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ కూర్చిన మొదటి క్రాస్‌వర్డ్ ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వచ్చింది. అప్పటి నుంచీ వాళ్ళకు గడికో అక్షరం, ఉన్నవి 26. మన గడిలో గుణింతం, ఒత్తు అన్నీ ఇమడాలి. ‘స్త్రీ’ చూడండి. మూడు హల్లులు, ఒక అచ్చు, గడి మాత్రం ఒక్కటే. దాని మీదుగా నిలువు మాట దించాలంటే ఏముంది చేతిలో? అడ్డంగా స్త్రీధనం వేసి, దాని మొదటి గడిలో ముగిసేటట్టు నిలువుగా ఇస్త్రీ దించడం ఒక మార్గం.

ప్రయోక్త: ఆ ఇస్త్రీకి స్త్రీతో చుట్టరికం ఏమైనా ఉందా?

కూర్పరి: ఏమీ లేదు. అది పోర్చుగీసు మాట. ‘ఎస్తిరార్’ అంటే సాగదీయడం. బొత్తాం, పీపా, తువాలు, మేస్త్రి, వేలం కూడా ఆ ఓడల్లో దిగినవే. ఎదురు వెళ్ళినవీ ఉన్నాయి. ఇంగ్లీషులో బ్యాండికూట్ మన పందికొక్కే. పిట్ట కూడా వెళ్ళింది, పక్షి శాస్త్రంలో ‘పిట్టా’ అని ఒక ప్రజాతి పేరే ఉంది.

ప్రయోక్త: పుట్టుక తెలిస్తే గడి నింపడానికి ఏమైనా పనికొస్తుందా, తెలుసుకున్న సంతోషమేనా?

కూర్పరి: బాగా పనికొస్తుంది. అచ్చ తెలుగు మాటల్లో ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తు పలుకులు సాధారణంగా ఉండవు. అడ్డం మాట నింపాక నిలువు మాటకు మధ్యలో ‘ఖ’ తగిలిందంటే సంస్కృతంలోనో, ఉర్దూ దారిన వచ్చిన మాటల్లోనో వెతకాలి. అచ్చ తెలుగు మాటకు మొదట ‘య’ కూడా రాదు. యాత్ర జాతర అయింది, యజ్ఞం జన్నం అయింది, అందుకే. ‘దీనికి వికృతి’ అని ఆధారం ఇస్తే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి. ఉపాధ్యాయుడికి ఒజ్జ, వైద్యుడికి వెజ్జు లాంటి పొట్టి మాటలు కూర్పరులకు వరం. గళ్ళలో ఏదైనా మూల ఇరుకైపోయిందంటే ఇలాంటివాటితోనే గట్టెక్కుతాం.

ప్రయోక్త: మరి యాభై? మొదట య ఉంది, తర్వాత భ కూడా.

కూర్పరి: మంచి మాట పట్టుకున్నారు! యాభై రెండు నియమాలనూ తప్పిన రూపం. దాని పాత రూపం ఏబది, అందులో రెండూ నిలబడ్డాయి. ‘వందలో సగం’ అన్న ఆధారానికి రెండు గడులుంటే యాభై, మూడుంటే ఏబది.

ప్రయోక్త: నింపేవాళ్ళు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఒక్కటి చెప్పమంటే?

కూర్పరి: అచ్చు గడి. అ, ఇ, ఉ, ఎ లాంటివి మాట మొదట్లోనే విడిగా కనిపిస్తాయి, మధ్యలో గుణింతంలో కలిసిపోతాయి. కాబట్టి అడ్డం మాట ‘అ’తో మొదలై, అదే గడి నిలువు మాటకు రెండోదో మూడోదో అయితే దాదాపు ఖాయంగా ఏదో ఒకటి తప్పు. వెంటనే చెరిపేయండి. ‘ళ’ది దీనికి తలకిందులు, అది మొదటి గడిలో కూర్చోదు. కానీ ఆధారంలో ‘తిరగబడింది’, ‘చెదిరింది’ అని ఉంటే ఈ రెండు లెక్కలూ చెల్లవు.

ప్రయోక్త: తిరగబడేవాటికి ఒకటి రెండు చెప్పండి.

కూర్పరి: ‘తల తిరిగితే తీగ’, రెండు గడులు: లత. ‘కోతిని తిప్పితే కాలి కండ’: కపి తిరిగి పిక. అక్షరాన్ని గుణింతంతో సహా తిప్పాలి, గుడి అక్కడే వదిలేసి హల్లును మాత్రం జరిపితే కుదరదు. రామ తిరిగితే మరా, దీర్ఘం రా వెంటే వెళ్ళింది. కలిపేవి ఇంకో రకం. ‘స్వప్నం, దేవుడిచ్చేది కలిస్తే కంగారు’, నాలుగు గడులు. కల, వరం: కలవరం.

ప్రయోక్త: కంప్యూటర్లో కూర్చేవాళ్ళకు?

కూర్పరి: కంప్యూటర్లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో స్త్రీ ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ప్రోగ్రామ్ సంకేతాలు లెక్కపెడితే ఆరు గడులు అడుగుతుంది. గ్రాఫీమ్ క్లస్టర్ల లెక్కన, అంటే కంటికి ఒకే అక్షరంగా కనిపించే ముక్కల లెక్కన విడగొట్టాలి. అందులోనూ యూనికోడ్ 15.1కి ముందరి నియమాలతో నడిచే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అయితే పొల్లు దగ్గర తెంచి మూడు ముక్కలు చేస్తుంది. 2023లో వచ్చిన 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరం ఒకే ముక్క. ముందుగా ‘స్త్రీ’ ఒక్కటి ఇచ్చి పరీక్షించండి, ఒకటి అని వస్తే మిగతావీ చాలావరకు కుదురుతాయి.

ప్రయోక్త: వినేవాళ్ళకు ఒక ఆధారం వదిలిపెట్టండి మరి.

కూర్పరి: ‘నిద్రలో వచ్చేదాని పక్కన రాసేది, వినిపించేది గోల’. నాలుగు గడులు, చివర సున్నా.