మొదలు చుట్టూ మీటరు జాగా

కాలనీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు నమస్కారం.

అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు మీద విరుచుకుపడ్డప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి, కొమ్మలు పట్టుకుని బతికారు. వేలమందిని పొట్టనబెట్టుకున్న వరద అది. కట్టడాలు కూలాయి, చెట్టు నిలబడింది. మీ పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

అంత వరదకు తట్టుకున్న బలమంతా వేళ్లలో ఉంది. వేళ్లు కొమ్మల నీడ దాటి పాకుతాయి. నీళ్లూ గాలీ అందుకునే సన్నవేళ్లు చాలావరకు పైపై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. మనం సిమెంటు పోస్తున్నది సరిగ్గా ఆ మట్టి మీదే.

మా ఇంటి ముందు కానుగచెట్టు ఉండేది. ఎండాకాలం కూరగాయల బండి ఆయన దాని కిందే ఆగేవాడు. సీసీ రోడ్డు వేసినప్పుడు మొదలుకు ఆనించి కాంక్రీటు పోశారు. మోరీ కోసం ఒక పక్క వేళ్లు నరికారు. నేను చూస్తూనే ఉన్నాను. రోడ్డు బాగుపడుతోందన్న సంతోషంలో నోరు మెదపలేదు. మరుసటేడు పై కొమ్మలు ఎండాయి. ఆ పై ఏడు గాలివానకు చెట్టు ఒరిగిపోయింది. గాలికి పడిందన్నారు అందరూ. వేళ్లు తెగి పడిందని నాకు తెలుసు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఢిల్లీ చెట్ల గురించి 2013లో, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇదే చెప్పింది: మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని. ఢిల్లీ చెట్టుకు కావలసిన మట్టే మన వేపకూ కావాలి.

మొక్కలు నాటడం మనకు చేతకాని పనేం కాదు. మృగశిర కార్తె చినుకులకు నాటుతాం, ఫొటో దిగుతాం. వచ్చే రోహిణి కార్తె ఎండలకు నీళ్లెవరు పోస్తారు? కనీసం మూడు వేసవులు కాపాడితేనే అది చెట్టవుతుంది. కరెంటు తీగల కింద పారిజాతమో దేవగన్నేరో పెట్టండి. జాగా ఉన్నచోట వేప, కానుగ, నేరేడు. తీగలకు అడ్డమని ఒకే పక్క కొమ్మలు కొట్టేస్తే బరువు రెండో పక్కకు వాలి, ఆ చెట్టు కూడా మా కానుగలాగే పోతుంది. మొక్క చుట్టూ పెట్టిన ఇనుప కంచె కాండంలోకి దిగకముందే తీసేయాలి. రాలిన ఆకులు తగలబెట్టకండి, చెట్టు మొదలు చుట్టూ పరవండి. తేమ నిలుస్తుంది.

మన రోడ్డు మీద సిమెంటులో చిక్కుకున్న చెట్లు పదకొండు. నిన్న లెక్కపెట్టి వచ్చాను. వార్డు ఆఫీసులో అడిగితే, వేళ్లకు దెబ్బ తగలకుండా తవ్వుకోమన్నారు. ఆదివారం పొద్దున ఆరున్నరకు గుడి దగ్గరి వేపచెట్టుతో మొదలుపెడదాం. గడ్డపారలు నేను తెస్తాను. తట్టలు, బకెట్లు మీరు తెండి.